మైనస్ 162 డిగ్రీల బరువు: ఎల్‌ఎన్‌జీ చర్చలో తేలినవి, తేలనివి

సహజవాయువును ద్రవంగా (ఎల్‌ఎన్‌జీగా) మార్చి ఓడలకెత్తే వ్యాపారం చుట్టూ నాలుగు తగవులు ఒకేసారి నడుస్తున్నాయి. ఊరి పక్కన పెట్టుకోదగినదేనా అన్నది పాత తగవు. బొగ్గు కన్నా శుభ్రమా కాదా అన్నది కొత్తది. ఒడ్డున టెర్మినల్ కట్టాలా, తేలే ఓడనే అద్దెకు తెచ్చుకోవాలా అన్నది మూడోది. దిగుమతి ధరను మనలాంటి దేశాలు మోయగలవా అన్నది నాలుగోది. ఒక్కో తగవుకు ఒక్కో నిపుణుల బృందం ఉంది. భద్రత చూసే ఇంజినీర్లు ఉద్గారాల లెక్కల జోలికి పోరు. వాతావరణ పరిశోధకులు ట్యాంకు గోడ మందం గురించి అడగరు. ధరల విశ్లేషకులకు ఈ రెండూ పట్టవు.

ఈ నాలుగు తగవులనూ కిందనుంచి కలిపి ఉంచేది పరికరం. అతిశీతలాన్ని పుట్టించే యంత్రాలు, దాన్ని నిలిపే లోహాలు, కదిలించే పంపులు, మళ్లీ వేడెక్కించే గొట్టాల వరుసలు ఉన్నాయి. ఇవి ఖరీదైనవి. చేయగలిగేవారు కొద్దిమందే. ఒకసారి కట్టాక ముప్పై నలభై ఏళ్లు నిలుస్తాయి. ఇంధనం గురించి సాగే చాలా వాదాలను చివరికి తేలుస్తున్నది, లేదా తేలకుండా ఆపుతున్నది, ఈ సామగ్రే.

చలి లెక్క

మామూలు వాతావరణ పీడనం దగ్గర సహజవాయువులో ప్రధాన భాగమైన మీథేన్ మైనస్ 162 డిగ్రీల సెల్సియస్‌కు కాస్త అటూ ఇటూగా ద్రవమవుతుంది. పరిమాణం దాదాపు 600 వంతుల్లో ఒక వంతుకు తగ్గుతుంది. వ్యాపారమంతా ఈ ఒక్క అంకె మీద నిలబడి ఉంది.

క్రయోజెనిక్ అనగానే తెలుగు పాఠకులకు శ్రీహరికోట గుర్తొస్తుంది. అక్కడి ద్రవ హైడ్రోజన్ మైనస్ 253 దగ్గర, ద్రవ ఆక్సిజన్ మైనస్ 183 దగ్గర ఉంటాయి. చలి తీవ్రతలో ఎల్‌ఎన్‌జీ వాటికి తీసికట్టే. మోతాదులో మాత్రం పోలికే లేదు. ఎల్‌వీఎం3 రాకెట్ పైదశలో పట్టేది సుమారు 28 టన్నులు. 1,74,000 ఘనమీటర్ల ఓడ ఒక్కటే 75 వేల టన్నులకు పైగా మోస్తుంది. రాకెట్ ఆ చలిని కొన్ని గంటలు కాపాడుకుంటే చాలు. ఓడ వారాల తరబడి, టెర్మినల్ దశాబ్దాల తరబడి కాపాడాలి.

ఆ చలి పెట్టే ఇబ్బందులు మూడు. మామూలు కార్బన్ ఉక్కు అంత చలిలో గాజులా పెళుసెక్కుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు పెళుసెక్కదు గానీ మీటరుకు దాదాపు 3 మిల్లీమీటర్లు కుంచించుకుపోతుంది. కిలోమీటరు పైపు అంటే మూడు మీటర్ల తేడా. అందుకే జెట్టీ పైపులు తిన్నగా పోకుండా వంపులు తిరుగుతూ సాగుతాయి. మూడోది, ఎంత మందంగా కప్పినా వేడి లోపలికి చొరబడుతూనే ఉంటుంది. ట్యాంకులో ద్రవాన్ని చల్లగా ఉంచేది ఫ్రిజ్ యంత్రం కాదు, ఆ ద్రవం తనే కొంచెం కొంచెంగా ఆవిరవడం. వేసవిలో మట్టికుండ నీళ్లు చల్లబడే సూత్రమే ఇది. ఆ ఆవిరిని ప్లాంట్లలో బాయిల్‌ఆఫ్ అంటారు. ఒడ్డు ట్యాంకుల్లో అది సాధారణంగా రోజుకు 0.05 శాతం దగ్గర ఉంటుంది. దాన్ని పట్టుకుని కంప్రెసర్‌కు పంపాలి, లేదా ఓడ ఇంజనులో కాల్చాలి, లేదా మళ్లీ ద్రవం చేయాలి. వాతావరణ వాదంలో కొంత ఈ ఆవిరి దగ్గరే మొదలవుతుంది.

పెళుసు ఉక్కు చరిత్ర

ఈ రంగం బాల్యం క్లీవ్‌లాండ్‌లో ముగిసింది. 1941లో ఆ అమెరికన్ నగరంలో ఈస్ట్ ఒహాయో గ్యాస్ కంపెనీ ఎల్‌ఎన్‌జీ నిల్వ కేంద్రం పెట్టింది. మూడు గోళాకారపు ట్యాంకులు బాగానే పనిచేశాయి. తర్వాత చేర్చిన నాలుగోది స్తూపాకారంలో, 3.5 శాతం నికెల్ ఉక్కుతో కట్టారు. 1944 అక్టోబరు 20న అది బద్దలైంది. ద్రవం వీధుల్లోకి, అక్కడినుంచి మురుగు కాలువల్లోకి దిగి ఆవిరై అంటుకుంది. సుమారు 130 మంది చనిపోయారు. అసలు కారణం ఇదని దర్యాప్తు ఒక్కమాటలో తేల్చలేకపోయినా, చలికి పెళుసెక్కిన లోహం మీదే ఎక్కువమంది వేలు చూపారు. చుట్టూ చాలినంత గట్టు లేకపోవడం రెండో తప్పు. ఆ తర్వాత అమెరికాలో ఈ రంగం చాలా ఏళ్లు కదలలేదు.

కదిలించింది కొత్త లోహం. 9 శాతం నికెల్ కలిపిన ఉక్కు 1940ల్లోనే తయారైంది. దాంతో కట్టిన అసలు సైజు పాత్రలను 1960లో అతిశీతలంలో పగిలేదాకా పరీక్షించాక, వెల్డింగ్ తర్వాత మళ్లీ వేడిచేసి ఒత్తిడి తీయనక్కర్లేదని రుజువైంది. పెద్ద ట్యాంకులు చౌకగా కట్టడానికి అప్పుడే దారి దొరికింది. ఈలోగా 1959 జనవరిలో మీథేన్ పయనీర్ అనే ఓడ, యుద్ధకాలపు సరుకు ఓడను మార్చి చేసినది, లూసియానాలోని లేక్ చార్లెస్ నుంచి ఇంగ్లండ్‌లోని కాన్వీ దీవికి తొలిసారి ఎల్‌ఎన్‌జీని సముద్రం దాటించింది. దాని ట్యాంకులు అల్యూమినియం, వాటి చుట్టూ బాల్సా చెక్క. 1964లో అల్జీరియాలోని ఆర్జూ నుంచి వాణిజ్య ఎగుమతి మొదలైంది. 1969లో అలాస్కాలోని కీనై నుంచి జపాన్‌కు ఓడలు బయల్దేరాయి. అప్పటినుంచి ఆసియా ఈ వ్యాపారానికి పెద్ద గిరాకీదారు.

ప్రమాదాలు ఆగలేదు, రూపం మార్చుకున్నాయి. 1973 ఫిబ్రవరిలో న్యూయార్క్ స్టాటెన్ ఐలండ్‌లో మరమ్మతుకని ఖాళీచేసిన ట్యాంకులో లోపలి పొర అంటుకుని పైకప్పు కూలి 40 మంది కార్మికులు చనిపోయారు. 1979లో మేరీలాండ్‌లోని కోవ్ పాయింట్‌లో ఒక పంపు విద్యుత్ సీలు దగ్గర కారిన వాయువు కేబుల్ గొట్టం వెంట సబ్‌స్టేషన్ చేరి పేలింది, ఒకరు చనిపోయారు. 2004 జనవరిలో అల్జీరియాలోని స్కిక్డాలో కారిన హైడ్రోకార్బన్‌ను బాయిలర్ గాలితోపాటు పీల్చుకోవడంతో 27 మంది బలయ్యారు, మూడు ద్రవీకరణ యూనిట్లు పోయాయి. 2022 జూన్‌లో టెక్సస్‌లోని ఫ్రీపోర్ట్‌లో రెండు వాల్వుల మధ్య చిక్కిన ద్రవం వేడెక్కి వ్యాకోచించి పైపును పేల్చేసింది. పీడనం తగ్గించాల్సిన రక్షణ వాల్వుకు దారి మూసి ఉంది. ప్రాణనష్టం లేదు గానీ ప్లాంటు ఎనిమిది నెలలు ఆగిపోయింది. ఆ సంవత్సరం యూరప్ గ్యాస్ కోసం అల్లాడుతోంది.

ఈ వరుసను జాగ్రత్తగా చదివితే ఒకటి కనిపిస్తుంది. క్లీవ్‌లాండ్ తర్వాత పెద్ద ప్రమాదాలకు మూలం ట్యాంకులోని చల్లని ద్రవం పొర్లడం కాదు. మరమ్మతు, బాయిలర్, కేబుల్ గొట్టం, మూసి మరచిన వాల్వు వంటి పక్క పనులే.

భద్రత: దూరం కొలిచేవారు, అవకాశం లెక్కించేవారు

భద్రతలో రెండు సంప్రదాయాలు ఉన్నాయి. అమెరికా పద్ధతి, ఎన్‌ఎఫ్‌పీఏ 59ఏ ప్రమాణం చుట్టూ పెరిగినది, ప్రధానంగా దూరాన్ని నమ్ముతుంది. ఫలానా పరిమాణం కారితే ఆవిరి మేఘం ఎంతదాకా పోతుంది, మంట వేడి ఎంతదాకా తగులుతుంది అని లెక్కకట్టి, ఆ దూరం ప్లాంటు హద్దులోపలే ఉండాలంటుంది. యూరప్ ప్రమాణం ఈఎన్ 1473 ఆ సంఘటన ఎంత తరచుగా జరగవచ్చో కూడా లెక్కలోకి తీసుకుంటుంది. మన దేశంలో చమురు పరిశ్రమ భద్రతా సంస్థ ఓఐఎస్‌డీ 194వ ప్రమాణం, పెట్రోలియం నియంత్రణ మండలి పీఎన్‌జీఆర్‌బీ 2018 నిబంధనలు ఈ రెంటినుంచీ తీసుకున్నాయి. మొదటి పద్ధతిలో పౌరుడికి అర్థమయ్యే గీత దొరుకుతుంది, కానీ చిన్న రేవులకు అది కుదరదు. రెండో పద్ధతి సున్నితమైనది, అయితే సంభావ్యత అంకె ఎవరు ఎలా వేశారన్నది ఊరివాళ్లకు అంతుపట్టదు.

క్షేత్ర పరీక్షలు లేకపోలేదు. 1980 ప్రాంతంలో ఇంగ్లండ్ మాప్లిన్ శాండ్స్‌లో, కాలిఫోర్నియా చైనా లేక్‌లో నీటిమీద ఎల్‌ఎన్‌జీ పోసి ఆవిరిని కొలిచారు. చల్లని మీథేన్ మొదట గాలికన్నా బరువుగా నేలబారున పాకుతుందని, సుమారు మైనస్ 110 దాటి వేడెక్కాకే తేలికై పైకి లేస్తుందని అవి స్పష్టంగా చూపాయి. 5 నుంచి 15 శాతం మధ్య గాలితో కలిసినప్పుడే అంటుకుంటుందన్నదీ వివాదం లేని సంగతే. వివాదం పరిమాణం దగ్గరుంది. ఆ పరీక్షల్లో పోసింది పదుల ఘనమీటర్లు. ఓడలో ఉండేది లక్షలు. 2004లో అమెరికా శాండియా ప్రయోగశాల ఉద్దేశపూర్వకంగా ఓడను ఛేదిస్తే తీవ్ర నష్టం 500 మీటర్లలోపు, తక్కువ స్థాయి వేడి 1,600 మీటర్ల దాకా ఉంటుందని అంచనా వేసింది. అది లెక్క, ప్రయోగం కాదు.

ఓడల పక్షాన బలమైన సాక్ష్యం ఒకటుంది. 1979లో ఎల్ పాసో పాల్ కైజర్ అనే ఓడ నిండు సరుకుతో జిబ్రాల్టర్ దగ్గర పూర్తి వేగంతో రాళ్లెక్కింది. అడుగు చీలింది, ట్యాంకు పొర సొట్టపడింది, చుక్క కారలేదు. అరవై ఏళ్లకు పైగా సాగిన రవాణాలో సరుకు ట్యాంకు బద్దలై జనం పోయిన ఘటన లేదు. దాన్నిబట్టి ఇకముందూ జరగదనలేం. అయినా ఊరి సభల్లో వినిపించే అణుబాంబు పోలికకు మాత్రం ఆధారం లేదు.

చలి ఎక్కడ పుడుతుంది

ద్రవీకరణలో పాత బాట కాస్కేడ్: ప్రొపేన్, ఎథిలీన్, మీథేన్ చక్రాలు ఒకదాని తర్వాత ఒకటి చలిని దింపుకుంటూ పోతాయి. ఆర్జూ, కీనై రెండూ ఆ దారివే. రెండోది మిశ్రమ శీతలకం. అనేక హైడ్రోకార్బన్లూ నైట్రోజనూ కలిపిన ఒకే మిశ్రమం గ్యాస్ చల్లబడే వంపును దాదాపు వెన్నంటి పోతుంది కాబట్టి శక్తి వృథా తగ్గుతుంది. ముందు ప్రొపేన్‌తో చల్లార్చి తర్వాత మిశ్రమాన్ని వాడే రూపం 1972లో బ్రునైలో మొదలై, ఆ తర్వాత ప్రపంచంలో అత్యధిక సామర్థ్యాన్ని ఆక్రమించింది. ఖతార్‌లో ఒక్కో ట్రెయిన్ (ద్రవీకరణ యూనిట్) ఏడాదికి 78 లక్షల టన్నుల స్థాయికి ఎదిగింది. ఏ పద్ధతిలోనైనా వచ్చిన గ్యాసులో పదో వంతుకు దగ్గరగా ఈ చలి తయారీకే ఖర్చవుతుంది.

ఈ ప్లాంటుకు గుండెకాయ ప్రధాన హీట్ ఎక్స్‌ఛేంజర్. యాభై మీటర్ల ఎత్తు, వందల టన్నుల బరువు. లోపల వందల కిలోమీటర్ల సన్న అల్యూమినియం గొట్టాలను కండెచుట్టలా పొరలుపొరలుగా చుట్టి ఉంటారు. పెద్ద సైజులో దీన్ని చేయగలిగినవారు ప్రపంచంలో దీర్ఘకాలం ఇద్దరే: అమెరికా ఎయిర్ ప్రొడక్ట్స్ (ఈ వ్యాపారాన్ని 2024లో హనీవెల్ కొనుక్కుంది), జర్మనీ మూలాలున్న లిండే. అల్యూమినియానికి పాదరసం విషం. గ్యాసులో దాన్ని ఘనమీటరుకు 0.01 మైక్రోగ్రాము లోపుకు తగ్గించాలన్న కఠిన నియమం 1973లో స్కిక్డాలో ఎక్స్‌ఛేంజర్ చెడిపోయాక పాతుకుపోయింది.

ఇద్దరే తయారీదారులు ఉండటం మామూలు రోజుల్లో ధర సమస్య. 2022 తర్వాత అది రాజకీయ సమస్య అయింది. ఉక్రెయిన్ యుద్ధంతో లిండే, టర్బైన్ల సంస్థ బేకర్ హ్యూజ్ రష్యా ప్రాజెక్టుల నుంచి వైదొలగడంతో ఆర్కిటిక్ ఎల్‌ఎన్‌జీ 2 కుంటుపడింది. దాన్ని కడుతున్న రష్యా కంపెనీ నొవాటెక్ అంతకుముందే యమాల్‌లో నాలుగో ట్రెయిన్‌ను సొంత పద్ధతిలో కట్టింది. దాని సామర్థ్యం ఏడాదికి 9 లక్షల టన్నులే. విదేశీ పద్ధతితో నడిచే మొదటి మూడు ఒక్కొక్కటీ 55 లక్షలవి. బావి నిండా గ్యాస్ ఉన్నా గొట్టాల చుట్ట లేకపోతే అమ్ముకోలేమని ఇంతకన్నా సూటిగా చూపిన ఉదాహరణ లేదు.

దీనికి ఎదురు వాదం చిన్న ట్రెయిన్లను ఫ్యాక్టరీలో చేసి తెచ్చి వరుసగా అమర్చమంటుంది. లూసియానాలోని కల్కషూ పాస్‌లో 18 చిన్న ట్రెయిన్లు అలాగే వచ్చాయి. నిర్మాణం వేగంగా సాగి 2022 మార్చిలో తొలి ఓడ బయల్దేరింది. కానీ ట్రయల్ దశ పేరుతో ఏళ్ల తరబడి సరుకును ఎక్కువ ధరల స్పాట్ మార్కెట్లో అమ్మారని దీర్ఘకాలిక కొనుగోలుదారులు మధ్యవర్తిత్వానికెక్కారు. చిన్నవి చౌకా అన్నది ఇంకా ఏకాభిప్రాయానికి రాని విషయం.

నిలిపే పాత్ర

ఒడ్డు ట్యాంకుల విషయంలో వాదం దాదాపు ముగిసింది. లోపల 9 శాతం నికెల్ ఉక్కు, మధ్యలో పెర్లైట్ పొడి, బయట ప్రీస్ట్రెస్డ్ కాంక్రీటు. పైపులన్నీ పైకప్పు గుండానే, గోడలో రంధ్రం ఉండదు. పంపులు, మోటారుతో సహా, ద్రవంలోనే మునిగి ఉంటాయి. లోపల ఆక్సిజన్ లేదు, ఎల్‌ఎన్‌జీ విద్యుత్తును ప్రసరింపజేయదు కాబట్టి అది సురక్షితం. బయట కాంక్రీటు లేని పాత నమూనాకు చెడ్డ పేరు 2018లో మళ్లీ వచ్చింది. లూసియానా సబీన్ పాస్‌లో లోపలి నుంచి కారిన ద్రవం తగిలి బయటి కార్బన్ ఉక్కు పగుళ్లిచ్చింది. ఎనభై ఏళ్లకు ముందటి క్లీవ్‌లాండ్ పాఠమే అది.

ఓడల్లో మాత్రం పోటీ జరిగింది. నార్వే మాస్ గోళాలు బలమైనవి, తమంతట నిలబడేవి, కానీ స్థలం మింగేస్తాయి. ఫ్రెంచ్ సంస్థ జీటీటీ మెంబ్రేన్ పద్ధతిలో 0.7 మిల్లీమీటర్ల ఇన్వార్ (నికెల్-ఇనుము మిశ్రమం) రేకు లేదా మడతలు తీసిన 1.2 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ రేకు ఓడ పొట్టకే అతుక్కుని ఉంటుంది. స్థలం కలిసొస్తుంది కాబట్టి మెంబ్రేనే గెలిచింది. ఓడ నిర్మాణంలో కొరియా రాజైనా ట్యాంకు డిజైన్ రాయల్టీ ఫ్రాన్స్‌కు కడుతూనే ఉంది. ఆ కప్పం తప్పించుకోవాలని తయారుచేసిన కేసీ-1 నమూనాతో 2018లో కట్టిన రెండు ఓడల్లో గోడ మీద చల్లని మచ్చలు కనిపించాయి. ఓడలు మూలపడ్డాయి, కోర్టు కేసులు మిగిలాయి. లైసెన్సుతోపాటు ఇంజినీరింగ్ సేవలనూ కట్టబెడుతోందని కొరియా పోటీ నియంత్రణ సంస్థ 2020లో జీటీటీకి జరిమానా వేసింది. గుత్తాధిపత్యం ఉందన్నది నిజమే. దాన్ని ఒక్క తరంలో బద్దలుకొట్టడం తేలిక కాదన్నదీ అంతే నిజం.

ఒడ్డునా, నీటి మీదా

మన తీరానికి నేరుగా తగిలే ప్రశ్న ఇదే. భారత్ ఏడాదికి రెండున్నర కోట్ల టన్నులకు పైగా ఎల్‌ఎన్‌జీ దిగుమతి చేసుకుంటోంది. దహేజ్ 2004లో, హజీరా 2005లో, కొచ్చి, దాభోల్ 2013లో, ఎన్నూరు 2019లో, ధమ్రా 2023లో మొదలయ్యాయి. అన్నీ ఒడ్డువే. ఎన్నూరుకు అయిదు వేల కోట్ల రూపాయలకు పైగా ఖర్చయింది.

తేలే టెర్మినల్ వాదులు వేగాన్ని చూపిస్తారు. జర్మనీ 2022లో రష్యా గ్యాస్ ఆగిపోగానే ఏడాది తిరగకుండా విల్‌హెల్మ్స్‌హాఫెన్‌లో ఓడను కట్టేసి గ్యాస్ తీసుకుంది. గిరాకీ తగ్గితే ఓడను పంపేయవచ్చు. ఒడ్డు వాదులు తీరం స్వభావాన్ని చూపిస్తారు. గుజరాత్ జాఫ్రాబాద్‌లో తేలే టెర్మినల్ పనులను 2021 తౌక్తే తుపాను వెనక్కి నెట్టింది. 2024 మేలో రెమాల్ తుపానులో బంగ్లాదేశ్ మహేశ్‌ఖాలీ దగ్గరి ఒక తేలే టెర్మినల్‌కు కొట్టుకొచ్చిన పంటు తగిలి నెలల తరబడి సరఫరా నిలిచింది. దానివల్ల ఒక దేశం గ్యాస్ దిగుమతిలో సగం ఆగింది. అయితే ఒడ్డున కట్టినంతమాత్రాన బాగుపడుతుందనీ లేదు. దాభోల్‌కు అలల గోడ పూర్తికాక చాలా ఏళ్లు వర్షాకాలంలో మూసేశారు. కొచ్చి ట్యాంకులు నిండుగా ఉన్నా, మంగళూరు పైప్‌లైన్ 2021 జనవరిలో వచ్చేదాకా గ్యాస్ పోయే దారి లేక సామర్థ్యంలో చిన్న ముక్కతోనే నడిచింది.

ఆంధ్రప్రదేశ్‌కు రెండు తరహాలూ ప్రతిపాదనగా వచ్చాయి: కాకినాడలో తేలేది, గంగవరంలో ఒడ్డుది. రెండూ కాగితం దాటలేదు. గంగవరం తలపెట్టిన పెట్రోనెట్ కంపెనీ ఆ తర్వాత ఒడిశాలోని గోపాలపూర్ వైపు మళ్లింది. వెనకున్న కథ తెలిసిందే. కృష్ణా-గోదావరి బేసిన్‌లోని కేజీ-డీ6 బావుల గ్యాస్ వస్తుందన్న నమ్మకంతో వేమగిరి, జేగురుపాడు, కొండపల్లి, కోనసీమల్లో విద్యుత్ కేంద్రాలు లేచాయి. బావుల దిగుబడి పడిపోయి 2013 నాటికి వాటికి గ్యాస్ లేకుండా పోయింది. 2015లో కేంద్రం సబ్సిడీతో దిగుమతి ఎల్‌ఎన్‌జీని వేలం వేసి కొన్నాళ్లు తిప్పింది; 2017లో ఆ పథకం ముగిసింది. టర్బైన్లు ఊరికే ఉంటే టెర్మినల్ కట్టకపోవడం తప్పు కదా అని అడగవచ్చు. ఆసియా స్పాట్ ధర 2020 వేసవిలో పది లక్షల బీటీయూకు 2 డాలర్ల లోపుకు దిగి, 2022 ఆగస్టులో 60 డాలర్లు దాటింది. ఆ ఊగిసలాటలో యూనిట్ కరెంటు ధర ఎంతని ఏ డిస్కమ్ ఒప్పందం రాసుకోగలదు? కాబట్టి టెర్మినల్ ఉన్నా లేకున్నా ఆ కేంద్రాలు ఎక్కువకాలం ఆగే ఉండేవన్నది నా అంచనా. ఎరువుల కర్మాగారాలు, ఊళ్ల గ్యాస్ పైపులు, భారీ లారీల విషయం వేరు. వాటికి బొగ్గు ప్రత్యామ్నాయం కాదు.

బొగ్గుతో పోలిక

కాల్చినప్పుడు గ్యాస్ బొగ్గులో సగం కార్బన్ డయాక్సైడే వదులుతుంది. మీథేన్ కారితే లెక్క తారుమారవుతుంది. ఇరవై ఏళ్ల కాలవ్యవధిలో అది కార్బన్ డయాక్సైడ్ కన్నా 80 రెట్లకు పైగా, నూరేళ్లలో 30 రెట్ల దగ్గర వేడెక్కిస్తుంది. 2019లో అమెరికా ఇంధనశాఖ ప్రయోగశాల ఎన్‌ఈటీఎల్, అమెరికన్ ఎల్‌ఎన్‌జీతో విద్యుత్ చేస్తే బొగ్గుకన్నా ఉద్గారాలు పెరగవని చెప్పింది. 2024లో కార్నెల్‌కు చెందిన రాబర్ట్ హోవార్త్, ఇరవై ఏళ్ల లెక్కలో బొగ్గుకన్నా 33 శాతం ఎక్కువని చెప్పాడు. ఇద్దరూ లెక్క తప్పలేదు. కారడం ఎంత, కాలం ఎంత, బొగ్గు కేంద్రం సామర్థ్యం ఎంత అన్నవి వేరువేరుగా అనుకున్నారు. హోవార్త్ లెక్కలోనూ పెద్ద వాటా బావులు, పైప్‌లైన్లదే. ద్రవీకరణ, ఓడలది దాని తర్వాతే.

అయినా పరికరాల వాటా చిన్నదని వదిలేయలేం, ఎందుకంటే అక్కడే కొలిచి సరిచేయగలిగేది ఎక్కువ. బాయిల్‌ఆఫ్‌ను కాల్చే నాలుగు స్ట్రోకుల ఓడ ఇంజన్లలో కాలకుండా జారిపోయే మీథేన్ 3.1 శాతమని యూరోపియన్ నిబంధనలు అనుకుంటుండగా, 2024లో రవాణా ఉద్గారాలను పరిశోధించే ఐసీసీటీ సంస్థ కొలతల్లో సగటు 6.4 శాతం తేలింది. ఎక్కువ పీడనంతో గ్యాసును చిమ్మే రెండు స్ట్రోకుల ఇంజన్లలో ఇది చాలా తక్కువ. అదే సరుకు, ఇంజను మారితే లెక్క మారుతుంది. ఇక ఎల్‌ఎన్‌జీ వచ్చి తొలగించేది బొగ్గునా, సౌరశక్తినా అన్నది ఏ ఇంజినీరూ కొలవలేడు. కొత్త ఎగుమతులు బొగ్గుకన్నా పునరుత్పాదక విద్యుత్తునే ఎక్కువగా పక్కకు నెడతాయని 2024 డిసెంబరులో అమెరికా ఇంధనశాఖ అంచనా వేసింది. మరుసటి నెలే అధికారం మారి, కొత్త ఎగుమతి అనుమతుల మీద అంతకుముందు పెట్టిన విరామమూ తొలగింది.

రేపటి ఇంధనానికి నేటి ట్యాంకు

ఇప్పుడు కట్టే టెర్మినల్ రేపు హైడ్రోజన్‌కో అమ్మోనియాకో పనికొస్తుందన్న హామీ అన్ని ప్రతిపాదనల్లోనూ కనిపిస్తోంది. జర్మనీ 2022లో దాన్ని చట్టంలోకే ఎక్కించింది. 2043 చివరి తర్వాత నడవాలంటే ఈ మార్పు తప్పనిసరి. హైడ్రోజన్ సంగతి తేలికగానే తేలిపోతుంది. మైనస్ 162కు కప్పిన ట్యాంకు మైనస్ 253కు సరిపోదు, మళ్లీ కట్టాల్సిందే. అమ్మోనియాకు కొంత ఆశ ఉంది, అది మైనస్ 33 దగ్గరే ద్రవం. కానీ ఎల్‌ఎన్‌జీ ఘనమీటరుకు సుమారు 450 కిలోలైతే అమ్మోనియా 680 తూగుతుంది. ఎల్‌ఎన్‌జీ బరువుకు లెక్కేసిన పునాది మీద ట్యాంకును మూడింట రెండు వంతులకు మించి నింపలేం. అమ్మోనియా రాగిని తింటుంది, విద్యుత్తునూ కొంత ప్రసరింపజేస్తుంది. ద్రవంలో మునిగి తిరిగే ఇప్పటి పంపు మోటార్లు అందులో నిలవవు. వాటిని మార్చే ఖర్చును టెండర్ రోజునే రాసిపెట్టాలా, ఇరవై ఏళ్ల తర్వాత చూసుకోవచ్చా అన్నదాని మీద టెర్మినల్ కట్టేవారికీ అప్పిచ్చే బ్యాంకులకూ ఇంకా పొత్తు కుదరలేదు.